అంబాసిడర్ ఎస్‌యూ కార్బ్యురేటర్ రిపేర్ కిట్: ఏది కొత్తదవుతుంది, ఏది కాదు

పెట్రోలు అంబాసిడర్‌ని ఇంకా రోడ్డు మీద తిప్పుతున్నవాళ్ళు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తక్కువే అయినా ఉన్నారు. వాళ్ళకి పనికొచ్చే వస్తువు గురించి ఈ సమీక్ష. ఆన్‌లైన్లోనూ, పాత స్పేర్ పార్టుల దుకాణాల్లోనూ పల్చటి ప్లాస్టిక్ కవర్లో అమ్మే ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే భాగం) రిపేర్ కిట్ ఇది. చాలావరకు కవరు మీద బ్రాండు పేరు కూడా ఉండదు.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. కిట్ కొనండి, డబ్బుకి తగ్గ వస్తువే. కానీ అది బిగించగానే స్లో (రేసు తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కుదురుగా నిలబడుతుందని, మైలేజీ తిరిగొచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కిట్‌లో వచ్చేవి ప్యాకింగులు, జెట్టు, నీడిల్, ఫ్లోటు వాల్వు, ఒక త్రోటల్ షాఫ్ట్ (రేసు తొక్కితే తిరిగే కడ్డీ). పాత ఎస్‌యూని ఎక్కువగా పాడుచేసే అరుగుదల వీటిలో ఉండదు. ఆ షాఫ్ట్ తిరిగే బాడీ కన్నాల్లో ఉంటుంది. ఆ కన్నాలకి కావలసిన బుష్‌లు (అరిగిన కన్నంలో దిగగొట్టే లోహపు గొట్టాలు) కవర్లో ఉండవు. లేతు పని ఖర్చు కూడా లెక్కలో వేసుకుని కిట్ కొంటే మంచి బేరం. వేసుకోకపోతే మూడు నెలల్లో అదే మెకానిక్ దగ్గర, అదే ఫిర్యాదుతో నిలబడాలి.

కొనేముందు బానెట్ ఎత్తి బండికి ఏ కార్బ్యురేటర్ ఉందో చూసుకోండి. 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కి వచ్చినది ఎస్‌యూ హెచ్‌ఎస్2. పక్కనుంచి గాలి పీల్చే రకం. నెత్తిన గంట ఆకారంలో అల్యూమినియం మూత, దాని మధ్యలో నల్లటి మర మూత ఉంటాయి. పేరులోని 2 అంటే ఒక అంగుళం మీద రెండు ఎనిమిదో వంతులు, అంటే గొంతు కొలత 1¼ అంగుళం. ఇన్నేళ్ళలో చేతులు మారిన బళ్ళు కాబట్టి దానికి బదులు సోలెక్స్ గానీ, మారుతీ 800 కార్బ్యురేటర్ గానీ తగిలించి ఉండొచ్చు. వాటికి ఈ కిట్‌లో ఒక్క వస్తువూ పనికిరాదు. ప్రీమియర్ పద్మినీ ఉన్నవాళ్ళది వేరే లెక్క. సోలెక్స్‌లో జెట్లన్నీ స్థిరంగా ఉంటాయి, యాక్సిలరేటర్ పంపు ఉంటుంది, దాని కిట్టే వేరు.

ఎస్‌యూ పని తీరు ఒకసారి మనసులో పెట్టుకుంటే కిట్‌లో ఏది ముఖ్యమో తెలుస్తుంది. ఇంజన్ ఎంత గాలి లాగితే గంటలోని పిస్టన్ అంత పైకి లేస్తుంది. పిస్టన్ అడుగున బిగించిన సన్నటి నీడిల్ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పిస్టన్ లేచిన కొద్దీ నీడిల్‌కీ జెట్టుకీ మధ్య సందు పెరిగి ఎక్కువ పెట్రోలు వస్తుంది. స్లో నుంచి ఫుల్ రేసు దాకా ఇదొక్కటే జెట్టు. కన్నం 0.090 అంగుళం. స్లోకి వేరే పైలట్ జెట్టు లేదు, పికప్‌కి వేరే పంపు లేదు. అందుకే నీడిల్ వెంట్రుకవాసి అరిగినా, పిస్టన్ కాస్త పట్టేసినా అన్ని స్పీడుల్లోనూ తేడా కనిపిస్తుంది.

ఇక కవరు విప్పుదాం.

ప్యాకింగులు. ఫ్లోటు చాంబర్ మూత ప్యాకింగు, మానిఫోల్డ్ ప్యాకింగులు, ఎయిర్ క్లీనర్ వైపుది వస్తాయి. కొలతలు ఫర్వాలేదు. మానిఫోల్డ్ ప్యాకింగు బోల్టు కన్నాలు సరిపోయినా మధ్య కన్నం ఒక్కోసారి చిన్నదిగా కోసి ఉంటుంది. కార్బ్యురేటర్ గొంతు మీద పెట్టి చూసి, అంచు లోపలికి తొంగిచూస్తే బ్లేడుతో కోసేయాలి. ఇక్కడ కిట్‌కి ఒక పెద్ద లోటుంది. కార్బ్యురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య వేడి ఆపడానికి ఉండే మందపాటి ఫైబర్ ముక్క ఇందులో రాదు. పాతది పగిలిపోయి ఉంటే కొంతమంది రెండు కాగితం ప్యాకింగులు వేసి బిగించేస్తారు. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఆ వేడంతా నేరుగా ఫ్లోటు చాంబర్‌కే తగులుతుంది. మే నెలలో విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బండి ఆపి, పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే ఎందుకు స్టార్టు కాదో ఈ ఒక్క ముక్క చెబుతుంది. ఫైబర్ ముక్కనీ, దాని కింద ఉండే రేకు అడ్డునీ విడిగా సంపాదించుకోండి. రేకు అడ్డు దొరక్కపోతే పాతదాని అచ్చు చూసి కోయించుకోవచ్చు.

ఫ్లోటు వాల్వు. కిట్‌లో రెండు రకాలు వస్తున్నాయి. ఒకటి మొన కూడా లోహమే. ఇంకొకటి మొనకి నల్లటి రబ్బరు ఉంటుంది. ఏది వచ్చినా సీటుతో కలిపి జతగానే మార్చాలి. పాత సీటులో కొత్త నీడిల్ వేస్తే పాత నీడిల్ చేసిన గాడి దగ్గరే కారుతుంది. రబ్బరు మొన మొదట్లో బాగా ఆపుతుంది, కానీ అది ఏ రబ్బరన్నదే ప్రశ్న. విటాన్ అయితే ఇప్పటి పెట్రోలుకి తట్టుకుంటుంది. మామూలు రబ్బరైతే ఉబ్బి సీటుకి అతుక్కుపోతుంది. అప్పుడు ఓవర్‌ఫ్లో కాదు, అసలు పెట్రోలే దిగదు. అమ్మేవాడు విటాన్ అని గట్టిగా చెప్పలేకపోతే లోహపు మొనది తీసుకోవడమే మేలు.

ఫ్లోటు మాత్రం కిట్‌లో ఉండదు. పాత ఇత్తడి ఫ్లోటుని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. అనుమానం తీరకపోతే వేడినీళ్ళలో ముంచండి, బుడగలు వచ్చిన చోటే చిల్లు. దానికి సీసం పోసి అతికించడం మామూలే గానీ, ఎంత సీసం పడితే ఫ్లోటు అంత బరువెక్కుతుంది, పెట్రోలు మట్టం అంత పైకి పోతుంది. నైలాన్ ఫ్లోటు దొరికితే ఆ బాధ లేదు. లెవెల్ చూడడానికి మూతని తిరగేసి పట్టుకోవాలి. ఫ్లోటు తన బరువుతోనే వాల్వుని మూస్తుంది. అప్పుడు నైలాన్ ఫ్లోటు చేతికీ మూత అంచుకీ మధ్య సందు 3.2 నుంచి 4.8 మిల్లీమీటర్లు ఉండాలి. 4 మిల్లీ డ్రిల్ బిట్టు దూర్చి చూస్తే చాలు. చేయి ఇనుపదైతే కొద్దిగా వంచొచ్చు. మొత్తం నైలాన్‌ది వంచితే విరుగుతుంది. దానికి సీటు కింద పల్చటి వాషర్ వేసి సర్దాలి. వాషర్ వేస్తే మట్టం తగ్గుతుంది.

వాల్వు కొత్తదైనా ఓవర్‌ఫ్లో ఆగకపోతే ఏసీ పంపుని, అంటే కార్బ్యురేటర్‌కి పెట్రోలు తోసే పంపుని అనుమానించండి. డయాఫ్రమ్ మార్చినప్పుడు వేరే స్ప్రింగు వేసిన పంపులు ఎక్కువ ఒత్తిడి ఇస్తాయి. ఎస్‌యూ నీడిల్ ఆపగలిగేది సుమారు 3 పీఎస్ఐ లోపే. ఇంకో మాట. ఓవర్‌ఫ్లో గొట్టం ఊడిపోయి ఉంటే కారే పెట్రోలు నేరుగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. కిట్‌లో ఆ గొట్టం లేదు. కొనేటప్పుడే గుర్తు పెట్టుకుని రాగి గొట్టమో, పెట్రోలుకి ఆగే పైపో వేసి, చివర ఎగ్జాస్ట్ దాటి కిందికి వచ్చేలా బిగించాలి. బండి తగలబడకుండా కాపాడేది అదే.

జెట్టు. కిట్‌లో అన్నిటికంటే విలువైన వస్తువు ఇదే. ఇత్తడి జెట్టుకి అతికి ఉన్న నైలాన్ పైపు, దాని చివర చిన్న రబ్బరు గ్లాండు, వాషరు, మర. పాత నైలాన్ పైపు ఎండకీ వేడికీ గట్టిపడి, చోక్ లాగిన ప్రతిసారీ వంగి చివరికి బీటలు తీస్తుంది. బండి కింద పెట్రోలు వాసన వస్తూ, తడి ఎక్కడా కనిపించకపోతే ముందు ఇక్కడే చూడాలి. కొత్త పైపు బిగించేటప్పుడు దాని చివర గ్లాండుని దాటి కనీసం 5 మిల్లీమీటర్లు బయటికి రావాలి. లేకపోతే గ్లాండు నొక్కుకుని పైపు ఊడివస్తుంది. పైపు మెలిక పడితే జెట్టు ఒక పక్కకి లాగేస్తుంది. అప్పుడు ఎంత సెంటరు చేసినా నీడిల్ రాసుకుంటూనే ఉంటుంది.

నీడిల్ విషయంలో జాగ్రత్త. కిట్‌లో వచ్చిన నీడిల్ మన ఇంజన్‌దేనని నమ్మేయకండి. ప్రతి ఎస్‌యూ నీడిల్ మెడ మీద అక్షరాలు కొట్టి ఉంటాయి. ఆ అక్షరాలు మారితే సన్నబడే తీరే మారిపోతుంది. పాత నీడిల్ తీసి, మెడ తుడిచి, భూతద్దంతో చదివి రెండూ ఒకటే అయితేనే వేయండి. కిట్ నీడిల్‌కి అక్షరాలే లేకపోతే పక్కన పెట్టేయడం మంచిది. పాతది వంగకుండా, ఒక పక్క మెరుపు గీత లేకుండా ఉంటే దాన్నే వాడొచ్చు. మెరుపు గీత ఉందంటే జెట్టుకి రాసుకుంటోందని అర్థం. బిగించేటప్పుడు నీడిల్ భుజం పిస్టన్ అడుగు భాగంతో సమానంగా ఉండాలి. లోపలికి పోయినా, బయటికి వచ్చినా మిక్చరు తేడా కొడుతుంది.

ఇక షాఫ్ట్ దగ్గరికి వద్దాం. ఈ సమీక్షకి అసలు కారణం ఇదే. కిట్‌లో కొత్త త్రోటల్ షాఫ్ట్, దానికి బటర్‌ఫ్లై (గొంతుని మూసే, తెరిచే గుండ్రటి రేకు) బిగించే రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. షాఫ్ట్ మామూలు సైజుది. బాడీ కన్నాలు ఇన్ని దశాబ్దాల్లో కోలగా అరిగిపోయి ఉంటాయి. గుండ్రటి కొత్త షాఫ్ట్‌ని కోల కన్నంలో వేస్తే సందు కొంత తగ్గుతుంది గానీ పోదు. ఆ సందులోంచి ఇంజన్ దొంగ గాలి లాగుతుంది. స్లోలో బటర్‌ఫ్లై దాదాపు మూసుకునే ఉంటుంది కాబట్టి లోపల వాక్యూమ్ ఎక్కువ, దొంగ గాలీ ఎక్కువే. బండి స్లోలో ఊగుతుంది, నిమిషానికి ఒకసారి 600 చుట్లకి పడిపోయి ఒకసారి 1,200కి లేస్తుంది. అప్పుడు మెకానిక్ జెట్టు కిందనున్న మిక్చర్ నట్టు దించి రిచ్ చేస్తాడు, అంటే గాలిలో పెట్రోలు పాలు పెంచుతాడు. స్లో కాస్త నిలబడుతుంది, కానీ రోడ్డెక్కాక అన్ని స్పీడుల్లోనూ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. మైలేజీ పోయిందని జనం నీడిల్‌నీ, జెట్టునీ తిట్టుకుంటారు గానీ దాని మూలం ఈ రెండు కన్నాలే.

కిట్ కొనకముందే ఈ పరీక్ష చేయొచ్చు. ఇంజన్ స్లోలో ఉండగా షాఫ్ట్ రెండు చివరలా ఇంజన్ ఆయిల్ రెండు చుక్కలు వేయండి. స్లో ఒక్కసారిగా సర్దుకుని, మళ్ళీ కాసేపటికి ఊగడం మొదలెడితే కన్నాలు పోయినట్టే. పెట్రోలు గానీ స్ప్రే గానీ కొట్టి చూడొద్దు, పక్కనే ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతోంది. ఇంజన్ ఆపి షాఫ్ట్‌ని చేత్తో పైకీ కిందికీ ఊపి చూసినా తెలుస్తుంది. కదలిక కంటికి కనిపిస్తే బుష్ వేయించాల్సిందే.

బుష్ పని విజయనగరం లేతుల్లోనే అయిపోతుంది. లారీల పని నడిచే సాలూరులోనూ నిదానంగా చేసే టర్నర్లున్నారు. ఎక్కడిచ్చినా ఈ మాటలు చెప్పి ఇవ్వండి. రెండు కన్నాలనీ బాడీని ఒకసారే పట్టించి, ఒకే వరసలో బోరు చేయాలి. బెంచి డ్రిల్లు మీద ఒక వైపు తీసి, తిప్పి రెండో వైపు తీస్తే రెండూ ఒక గీతలో ఉండవు. అప్పుడు షాఫ్ట్ పట్టేసి రేసు తిరిగి రాదు. ఘాట్ దిగేటప్పుడు రేసు అలా ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బుష్ గన్‌మెటల్‌దో, ఇత్తడిదో చాలు. గొంతు లోపలికి పొడుచుకు రాకూడదు. రెండు బుష్‌లూ వేశాక చివర్లో ఒకే రీమర్ రెండిట్లోనూ ఒకేసారి పోవాలి. కొత్త షాఫ్ట్‌ని టర్నర్‌కి ముందే ఇచ్చి దాని సైజుకే రీమింగ్ చేయించండి. మెత్తటి లోహపు బాడీ అది. వైసులో గట్టిగా బిగిస్తే నలుగుతుంది, గ్యాస్ మంట పెడితే కరుగుతుంది.

బటర్‌ఫ్లై విప్పేముందు ఏ వైపు పైకి ఉందో, ఏ అంచు ఎటుందో గీత గీసుకోండి. దాని అంచులు ఏటవాలుగా ఉంటాయి, తిరగేస్తే పూర్తిగా మూసుకోదు. స్క్రూల చివరలు చీల్చి ఉంటాయి. విప్పడానికి వాటిని దగ్గరికి నొక్కాలి, కొత్తవి బిగించాక మళ్ళీ విడదీయాలి. పాత స్క్రూలు మళ్ళీ వాడొద్దు. ఊడిన స్క్రూ వాల్వులోకే పోతుంది. బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా ఉంచి, బటర్‌ఫ్లైని రెండు మూడుసార్లు టక్కున మూసి తనంతట తాను కూర్చోనిచ్చి, అప్పుడు బిగించాలి. వెలుతురుకి ఎత్తి చూస్తే చుట్టూ ఎక్కడా వెలుగు గీత కనపడకూడదు.

శుభ్రం చేయడంలో మన షెడ్లలో జరిగే రెండు తప్పులు చెప్పాలి. సోడా కలిపిన వేడినీళ్ళలో బాడీని నానబెట్టడం ఒకటి. అది అల్యూమినియాన్నీ, బాడీ లోహాన్నీ తినేస్తుంది. గంట లోపలి వైపుని ఎమరీ పేపరుతో మెరిపించడం రెండోది. గంటా పిస్టనూ ఒకదానికొకటి కొలత చూసి చేసిన జత. ఎమరీ రుద్దితే ఆ సందు పెరిగిపోతుంది. కిరోసిన్, మెత్తటి గుడ్డ, కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే, గాలి, ఇవే చాలు. వేరే బండి పిస్టన్ తెచ్చి ఈ గంటలో వేయడం కూడా కూడదు. జత బాగుందో లేదో చూడడానికి పిస్టన్ గాలి కన్నాలు మూసి, డ్యాంపర్ (గంట నెత్తినున్న మర మూతకి వేలాడే కడ్డీ) పెట్టి, మొత్తం తిరగేయండి. గంట పిస్టన్ మీదుగా పూర్తిగా జారడానికి హెచ్‌ఎస్2లో 3 నుంచి 5 సెకన్లు పట్టాలి. టక్కున పడిపోతే అరుగుదల. ఆగి ఆగి జారితే మురికో, సొట్టో. కళింగపట్నం, భీమిలి లాంటి తీరం ఊళ్ళలో బండి వాడకుండా ఉంచితే లోపల తెల్లటి పొడి పడుతుంది. దాన్ని తుడిచి తీయాలే గానీ గీకకూడదు.

జెట్టు సెంటరు చేయడం అందరూ తొందరపడే చోటు. జెట్టు కింది పెద్ద నట్టు వదులు చేసి, జెట్టుని పూర్తిగా పైకి నెట్టి, పిస్టన్‌ని పైనుంచి మెల్లగా కిందికి నొక్కి పట్టుకుని, అప్పుడు నట్టు బిగించాలి. పిస్టన్‌ని ఎత్తి వదిలితే అడుగున టక్ అని లోహం చప్పుడు రావాలి. ఆ తర్వాత మిక్చర్ నట్టుతో జెట్టుని పూర్తిగా దించి మళ్ళీ వదిలి చూడండి. రెండుసార్లూ ఒకే చప్పుడు వస్తే సెంటరు కుదిరింది. దించినప్పుడు చప్పుడు పదునుగా వస్తే ఇంకా కుదరలేదు, మళ్ళీ మొదలెట్టాలి.

గంట నెత్తిన పోసే నూనె మరిచిపోయేవాళ్ళు చాలామంది. పికప్ కొట్టినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆ నూనె ఆపుతుంది, ఆ క్షణం మిక్చరు రిచ్ అవుతుంది. నూనె లేకపోతే రేసు తొక్కగానే బండి ఒక్క క్షణం చచ్చినట్టయి తర్వాత అందుకుంటుంది. ఇంజన్‌లో పోసే 20డబ్ల్యూ40 సరిపోతుంది. డ్యాంపర్ దించేటప్పుడు మూత పూర్తిగా కూర్చోడానికి పావు అంగుళం ముందే బరువు తగిలితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. గేర్ ఆయిల్ పోస్తే మిక్చరు చాలాసేపు రిచ్‌గా ఉండిపోతుంది.

సెట్టింగుకి ముందు కార్బ్యురేటర్‌ది కాని తప్పులు తీసేయాలి. పాయింట్ల గ్యాపు 0.014 నుంచి 0.016 అంగుళం, ప్లగ్గు గ్యాపు 0.025, ట్యాపెట్లు 0.015. ఇవి చూడకుండా జెట్టు తిప్పితే ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పినట్టవుతుంది. తర్వాత మిక్చర్ నట్టు పూర్తిగా పైకి తిప్పి, అక్కణ్ణించి రెండు చుట్లు, అంటే పన్నెండు పలకలు కిందికి దించితే మొదటి సెట్టింగు. ఇంజన్ బాగా వేడెక్కాక పిస్టన్‌ని పక్కనున్న పిన్నుతో ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్, నట్టు ఒక పలక పైకి. వెంటనే పడిపోతే లీన్, అంటే పెట్రోలు పాలు తక్కువ, నట్టు ఒక పలక కిందికి. కొంచెం పెరిగినట్టే పెరిగి సర్దుకుంటే కుదిరింది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్ళినప్పుడు మిషన్ చూపే సీవో అంకెని కూడా వాడుకోండి. అంబాసిడర్ లాంటి పాతకాలపు పెట్రోలు కార్లకి అనుమతించింది స్లోలో 3 శాతం. 2, 3 మధ్య ఉంటే బండి బాగా నడుస్తుంది, పాసవుతుంది కూడా.

ఇప్పుడు పెట్రోలు సంగతి. 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి అమ్మకానికి వచ్చి, తర్వాత బంకులన్నిటికీ పాకింది. అంబాసిడర్ తయారైన కాలంలో ఈ లెక్క లేదు. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి తూకంలో 14.7 వంతుల గాలి కావాలి. ఈ కలిపిన పెట్రోలుకి సుమారు 13.5 చాలు. జెట్టు సెట్టింగు మార్చకపోతే ఇంజన్ లీన్‌గా నడుస్తుందన్నమాట. వేడెక్కడం, ఎక్కుడు మీద పికప్ లేకపోవడం, రేసు వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్ అనడం దాని గుర్తులు. పాత మాన్యువల్ ప్రకారం కుదిర్చాక ఒకటి రెండు పలకలు దించి చూడటం ఇప్పుడు అవసరమవుతోంది. ఎస్‌యూకి ఇదొక వరం. సోలెక్స్‌కైతే జెట్లే మార్చాలి.

కిట్‌ని ఈ విషయంలో గట్టిగా తప్పుపట్టాలి. గ్లాండు రబ్బరు, ఫ్లోటు చాంబర్ రబ్బరు ఏ రకమో కవరు మీద ఎక్కడా రాయరు. బిగించకముందు ఒక రబ్బరు ముక్కని సీసాలో బంకు పెట్రోలు పోసి వారం రోజులు నానబెట్టండి. ఉబ్బితే, వేలితో నలిపితే నల్లగా అంటితే, ఆ కిట్ రబ్బర్లు పారేసి విటాన్‌వి విడిగా తెప్పించుకోండి. పైపు కొనేటప్పుడు దాని మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉందో లేదో చూడండి. ఎథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది. వానాకాలంలో నెలకోసారి తీసే బండిలో నీళ్ళు విడిపోయి ఫ్లోటు చాంబర్ అడుక్కి చేరతాయి, ఇత్తడి పచ్చబడుతుంది. ఎక్కువ రోజులు ఆపేముందు చాంబర్ ఖాళీ చేసేయాలి. పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య కాగితం ఫిల్టర్ తప్పనిసరి. ఎథనాల్ పాత ట్యాంకులో పేరుకున్న మురికినంతా కడిగి తెచ్చి కొత్త ఫ్లోటు వాల్వులో పెడుతుంది.

ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళేవాళ్ళకి ఒక సూచన. పైన గాలి పల్చగా ఉంటుంది కాబట్టి మిక్చరు దానంతటదే కొంచెం రిచ్ అవుతుంది. పైన బండి కాస్త మందంగా ఉందని అక్కడే నట్టు పైకి తిప్పేయకండి. అదే సెట్టింగుతో కింద ఎండలో దిగితే లీన్ అయి వాల్వులు కాలతాయి. సెట్టింగు మైదానంలోనే చేసి, గజపతినగరం దాకా ఒక నడక నడిపి, ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగుంటే సరే. ఈ పెట్రోలుతో రంగు ముందుకంటే కాస్త తేలికగా కనిపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. తెల్లగా సున్నంలా ఉంటేనే నట్టు దించాలి.

కిట్‌కి బదులు కొత్త కార్బ్యురేటరే కొనేస్తే పోలేదా అని అడిగేవాళ్ళున్నారు. కన్నాలు సరిగ్గా ఉన్న కొత్తది దొరికితే ఆ బుష్ బాధంతా తప్పుతుంది, ఆ ఒక్క లాభం పెద్దదే. కానీ అచ్చు చూసి చేసినవాటిలో ఏ నీడిల్ వేశారో, గంట లోపలి స్ప్రింగు ఏ బరువుదో చెప్పేవాళ్ళు ఉండరు. లింకులు మన కేబుల్‌కి కుదరక వంచాల్సి వస్తుంది. కొంటే డబ్బు ఇచ్చేముందే తిరగేసి పిస్టన్ జారే సమయం చూడండి, టక్ చప్పుడు వినండి, నీడిల్ అక్షరాలు చదవండి. పాతది మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. మారుతీ 800 కార్బ్యురేటర్‌ని పలక వేసి బిగించే పద్ధతి అసలే వద్దు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌కి లెక్కకట్టిన గొంతు అది. 1489 సీసీకి ఎక్కుడు మీద ఊపిరి చాలదు.

బాడీ కన్నాలు బాగున్న బండికి ఈ కిట్ ఒక్కటే చాలు, అయిదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. కన్నాలు పోయిన బండికి కిట్ ఒక్కటే అయితే రెండు, బుష్‌తో కలిపితే మళ్ళీ నాలుగు. ఆ అయిదో మార్కు ఫైబర్ ముక్క లేనందుకూ, రబ్బరు రకం రాయనందుకూ పోయింది. ఆర్డర్ పెట్టేటప్పుడు ఫైబర్ ముక్క, 20 సెంటీమీటర్ల ఆర్9 పైపు, రెండు క్లిప్పులు, ఒక కాగితం ఫిల్టర్ కలిపి తెప్పించుకోండి. బాడీ లేతు దగ్గరుండగానే అవన్నీ చేతికొస్తే బండి ఒక్క పూటలో బిగిసిపోతుంది.